దాత అనొద్దు మా నాన్నని

ఉక్కునగరం,
4 మే 1987.

నా బావకి,

గంగ రాస్తున్న ఉత్తరం. నువ్వు ట్రైనింగుకని భిలాయి వెళ్లాక మీ అమ్మ నన్ను బాగానే చూసుకుంటోంది. అంటే పూటకోసారి తిడుతోంది, ఆవిడ ఆరోగ్యానికేం లోటు లేదు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. క్షేమ సమాచారాలు ఇంతటితో సరి. అసలు సంగతి ఇప్పుడు రాస్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు. తెచ్చుకున్నా నాకేం ఫర్వాలేదు.

మన కాలనీ సంఘం సెక్రటరీ అర్జునరావు గారు తెలుసుగా. సంఘం నడిపే బడిలో నాకు తెలుగు టీచరు పని ఇచ్చింది ఆయనే. ఉగాదికి ఆయనకి సన్మాన పత్రం రాసిచ్చాను కూడా. మనిషి పేరు ఏ అక్షరంతో మొదలైతే పొగడ్తలన్నీ ఆ అక్షరంతోనే రావాలి, సంఘం సభల్లో అదో సరదా. 'అ' తీసుకుని అజాతశత్రువు అన్నాను, అంటే శత్రువన్నవాడే పుట్టనివాడు. అలుపెరగనివాడు అన్నాను. అమృతహృదయుడు అన్నాను. ఆయన ఆ పత్రానికి పటం కట్టించి ముందుగదిలో పెట్టుకున్నాడు.

ఇప్పుడు సంఘం వార్షికోత్సవం వస్తోంది. ఫ్యాక్టరీ కట్టడానికి భూములు పోయిన ఊళ్ల నుంచి అయిదుగురు పెద్దల్ని పిలిచి శాలువాలు కప్పుతారట. అందులో మీ మావ, అదే మా నాన్న, ఒకడు. పత్రాలన్నీ నేనే రాయాలి, వేదిక మీద నేనే చదవాలి. ఎంత పొంగిపోయానో. దాలయ్య కదా, 'ద' అక్షరానికి నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. దాత, అంటే ఇచ్చేవాడు. దానశీలి, ఇవ్వడమే గుణంగా ఉన్నవాడు. దయాళువు, ఎదుటివాడి కష్టానికి కరిగేవాడు. దూరదృష్టి గలవాడు, రేపటి సంగతి ఈరోజే చూసేవాడు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఆదివారం బస్సెక్కి నాన్న ఉంటున్న పునరావాస కాలనీకి పట్టుకెళ్లాను.

నాన్న గేదెకి కుడితి పెడుతున్నాడు. చదివి వినిపించాను. ఒక్కో మాటకీ అర్థం చెప్పమన్నాడు, చెప్పాను.

"దాతంటే ఇచ్చేవోడా?"

"అవును నాన్నా, అడిగితే కాదనకుండా ఇచ్చేవాడు."

"నన్నెవడు అడిగేడే? నోటీసొచ్చింది. గొలుసులట్టుకొచ్చి కొలిసేరు. కంచేసీసేరు. నాను ఇవ్వనంటే ఊరుకుందురేటి? ఇవ్వననడానికి ఈలు లేనప్పుడు, ఇచ్చేనని ఎలగంతావు?"

"మర్యాదకి అంటారు నాన్నా. పెద్ద మాట కదా."

"పెద్ద మాటే. దొంగ మాట. అది సదివితే నాను రాను." కుడితి తొట్టి వైపు తిరిగిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన మీద ఒళ్లు మండిపోయింది. అంత కష్టపడి రాస్తే ఇదా అనుకున్నాను. గాజువాక దాటేసరికి ఆయన అడిగిన ప్రశ్నే చెవిలో మిగిలింది. ఎవరడిగారు? నిజమే, ఎవరూ అడగలేదు. దిగీ దిగగానే అర్జునరావు గారింటికి వెళ్లి, దాత తీసేసి వేరే మాట రాస్తానండీ అన్నాను. ఆయన ఆహ్వానం కార్డు చేతిలో పెట్టాడు. 'భూదాతలకు ఘన సన్మానం' అని అచ్చయిపోయి ఉంది. "మిగతావి నీ ఇష్టం గంగా, ఆ మాట మాత్రం ఉండాల్సిందే" అన్నాడు. ఆ మాట నేను చదవనన్నాను. "సరే, జూన్‌లో బడికి కూడా రానక్కర్లేదు" అన్నాడు, నవ్వుతూనే. శత్రువులు లేనివాడు కదా.

ఆ మాట నేను చదవను బావా. నిన్ను అనుమతి అడగడం లేదు, తెలియజేస్తున్నాను.

నీ
గంగ

ఉక్కునగరం,
17 మే 1987.

కోపిష్టి బావకి,

నీ ఉత్తరం అందింది. ఒక్క మాట నోటితో అనేస్తే అరిగిపోతావా అని రాశావు. అరిగిపోతాను. ఉద్యోగం విలువ తెలుసా అని కూడా రాశావు. మా ఊళ్లో చేతికి చాక్‌పీసు పొడి అంటిన మొదటి ఆడదాన్ని నేను. సంతకెళ్లినా పిల్లలు పరిగెత్తుకొచ్చి "టీచరమ్మా" అని కొంగు పట్టుకుంటారు. ఆ పిలుపు లేకుండా జూన్ ఎలా గడుస్తుందో తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. విలువ తెలిసే అంటున్నాను, చదవను.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి రాస్తాను. కంచె వేసినరోజు నేను నాన్నకి చద్దన్నం పట్టుకుని చేలోకి వెళ్లాను. చోళ్లు కంకులు ముదిరి కోతకొచ్చి ఉన్నాయి. కంచె కాంట్రాక్టరు మనుషులు గునపాలతో గుంతలు తవ్వుతున్నారు. నాన్న తలపాగా విప్పి ఆ కాంట్రాక్టరు కాళ్ల దగ్గర పెట్టాడు. "బాబ్బాబూ, కోత కోసుకుంతాను, పది దినాలు ఆగండి" అన్నాడు. వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు గానీ పని ఆపలేదు. చేను తొక్కుకుంటూనే రాళ్లు పాతారు. నాన్న వెనక్కి తిరిగి నన్ను చూశాడు. తలపాగా తీసి దులుపుకుని, ఏమీ జరగనట్టు, "కూడట్టుకొచ్చేవా తల్లీ" అన్నాడు. ఆ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ కూడు ఆయన ఎలా మింగాడో నాకు తెలుసు.

ఆ రోజు అడుక్కున్నది ఆయన బావా. అడుక్కున్నవాడిని పట్టుకుని నేను మైకులో దాత అనాలా? అలా అంటే చేను తొక్కినవాళ్లందరూ చేతులు కడుక్కున్నట్టే. ఆయన ఇచ్చాడు, మేం పుచ్చుకున్నాం, శాలువా కప్పాం, లెక్క సరి అంటారు. ఆ చేతులు కడగడానికి నేను నీళ్లు పొయ్యను.

అత్త నీ ఉత్తరం చదివించుకుని వింది. "ఆడికేటి, దూరంలో ఉన్నోడు ఎన్నైనా సెప్తాడు" అంది. నీది తప్పనీ అనలేదు, నాది ఒప్పనీ అనలేదు. మర్నాడు పొద్దున్నే మూట కట్టుకుని తన అన్నని, అదే మా నాన్నని, చూసొస్తానని బస్సెక్కేసింది. ఎందుకని అడిగితే, "నా అన్న ఇంటికి నానెల్లడానికి నీకు సెప్పాలేటి" అంది. ఆ ఇంటి మనుషులు ఎవరికీ జవాబు చెప్పరు. నేనూ ఆ ఇంటి మనిషినే, గుర్తుంచుకో.

నీ
గంగ

ఉక్కునగరం,
1 జూన్ 1987.

బావా, నా బావా,

సభ అయిపోయింది. నా పని కూడా అయిపోయింది. నువ్వు తిట్టే ముందు పూర్తిగా చదువు.

నాన్న రాడనే అనుకున్నాను. వచ్చాడు. గడ్డం గీయించుకుని, ఉతికిన పంచె కట్టుకుని, అత్త పక్కన నడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూసి అత్త మొహం తిప్పేసుకుంది, అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆవిడ వెళ్లి తన అన్నకి చెప్పేసింది, ఆ మాట చదవకపోతే నీ కూతురి పని పోతుందని. నేను నాన్నకి ఆ ముక్క చెప్పనేలేదు.

నాన్నని వేదిక మీద చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు నలుగురికీ పత్రాలు చదివాను. దాత అన్న చోటల్లా దాటేశాను. వింటున్నవాళ్లకి తెలియలేదు. అర్జునరావు గారికి తెలిసింది. నా వెనక్కొచ్చి నిలబడి, "మీ నాన్నకైనా సరిగ్గా చదువు, ఇదే ఆఖరిసారి చెప్పడం" అన్నాడు. అప్పుడు నాన్న కుర్చీలోంచి లేచి నా పక్కకొచ్చాడు. మైకుకి వినపడకుండా చెవిలో చెప్పాడు.

"సదివీ గంగా. నానేటీ అనను. తలొంచుకుని ఊరుకుంతాను. నీ పని నీకుండాల."

నేను ఆయన మొహం చూశాను. నిజంగానే చదవమంటున్నాడు. గేదె దగ్గర నిలబడి దొంగ మాట అన్నవాడు, ఆ మాట అందరి ముందూ మింగడానికి తయారై వచ్చాడు. మైకు పట్టుకున్నాను.

"దాలయ్య గారికి 'ద' అక్షరం. దిట్ట, అంటే పని బాగా తెలిసినవాడు. చోడి చేలో ఈయనకి సాటి లేరు. దొడ్డ మనసున్నవాడు, అంటే పెద్ద మనసు. దమ్మున్నవాడు, ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. దాత అని కూడా రాశాను, అది కొట్టేస్తున్నాను. ఈయన భూమి ఇవ్వలేదు. తీసుకున్నారు."

మొదటి కుర్చీలో ముసలాయన "నానూ ఇవ్వనేదు" అన్నాడు, ఎవరో టీ కావాలా అని అడిగితే వద్దన్నట్టు. ఆ పక్కాయన కూడా "నానూ" అన్నాడు. మిగతా ఇద్దరూ శాలువా అంచులు చూసుకుంటూ కూర్చున్నారు, వాళ్లని నేను తప్పు పట్టను. అర్జునరావు గారు మైకు లాక్కుని వందన సమర్పణ మొదలుపెట్టేశాడు. మెట్ల దగ్గర నాతో, "రేపట్నుంచి నీ మొహం బడిలో కనబడకూడదు" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

బయటికొచ్చాక నాన్న నా మీద విరుచుకుపడ్డాడు.

"ఒలే, నాను ఊరుకుంతానన్నాను కదా. నీకెందుకే అంత పొగరు?"

"నీ కూతుర్ని కదా నాన్నా" అన్నాను. అత్త నాన్నని బస్సెక్కించి వచ్చింది. రాత్రి నా కంచంలో రెండు చేప ముక్కలు ఎక్కువ వేసింది.

దాచను బావా, ఇంటికొచ్చి ఏడ్చాను. ఈ రోజు బడి గంట మోగినప్పుడు మళ్లీ ఏడ్చాను. వేరే బడి వెతుక్కుంటాను, దొరక్కపోతే మన వసారాలో చాప పరిచి చెబుతాను, వచ్చే పిల్లలు వస్తారు. చేసినదానికి మాత్రం విచారించడం లేదు. నువ్వు వచ్చి నా ఎదురుగా నిలబడి అడిగినా ఇదే చెబుతాను.

ఎందుకంటే, దాత అన్న మాటకి తగిన మనిషి మా నాన్న నిన్న నిజంగానే అయ్యాడు, నా పక్కకొచ్చి చదివెయ్యమన్నప్పుడు. ఎవరూ నోటీసు ఇవ్వలేదు, ఎవరూ కొలవలేదు. అన్నీ పోయాక తనకంటూ మిగిలిన ఒక్క మొండితనాన్ని తన చేత్తో తీసి నాకిస్తానన్నాడు. ఆయన దగ్గర అందరూ తీసుకున్నారు బావా. నేను తీసుకోలేదు.

నీ
గంగ