అమ్మ మాటలో దీర్ఘం

తమ్ముడికి దీవెనలు. మనవరాలి దగ్గర నేను కులాసాగానే ఉన్నాను, కంగారుపడకు. నా రాత గజిబిజిగా ఉంటుంది, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

అమ్మ ఆఖరి రోజుల్లో నేను ఆమె మాటలు పట్టిన క్యాసెట్టును మనవరాలు నిన్న కంప్యూటర్లోకి ఎక్కించింది. గొంతును గీతలుగా చూపించే సాఫ్ట్‌వేర్ ఉందట, ఉచితమేనట. ఏ గీత ఏ మాటో దాని కిందే రాసుకోవచ్చు. నేను చెబుతుంటే మనవరాలు రాసింది. "చిన్నోడు రావొద్దు" అన్నచోట ఆగిపోయింది.

"తాతయ్యా, తాతమ్మ మాట ఇక్కడ అయిపోలేదు. నీ దగ్గు కింద గీత ఇంకా సాగి పైకి లేస్తోంది, చూడు. నీ దగ్గే దొంగ!" అంటూ దగ్గును తగ్గించి మళ్లీ వినిపించింది.

"చిన్నోడు రావొద్దూ?"

మళ్లీ వేయించుకుని విన్నాను. అమ్మ వద్దనలేదురా! నువ్వు రావాలి కదా అని అడిగింది. ఆ దీర్ఘం నా దగ్గులో కొట్టుకుపోయింది. నేను మారు అడగకుండా "అమ్మ రావొద్దంది" అని నీకు కార్డు రాసి పడేశాను. నువ్వు కడచూపుకు రాలేదు, ఇరవై ఎనిమిదేళ్లుగా మా గడప తొక్కలేదు. తప్పంతా నాదే.

మరదలి కంటి ఆపరేషన్ అయిందా? చుక్కల మందు వేళకు వేసుకోమను. ఆదివారం ఇంటికి చేరతాను. అమ్మ మాట ఫోనులో వేయించుకుని తెస్తున్నాను. వచ్చి విను. నువ్వు రాకపోతే నేనే వచ్చి నీ గుమ్మంలో కూర్చుంటాను. పిల్లలకు ఆశీస్సులు.

అమ్మ పిలుపు ఆలస్యంగా అందిస్తున్న
మీ అన్నయ్య