వేడినీళ్ళ మాట

పద్మనాభం,
విశాఖపట్నం జిల్లా,
ఫిబ్రవరి 2, 2024.

ప్రియమైన గురువుగారికి,

సింహాద్రి నమస్కారాలు. ఏడేళ్ళ తరవాత నా చేతిరాత చూసి, కవరు చింపకుండానే పొయ్యిలో పడేస్తారేమోనని భయపడుతూనే రాస్తున్నాను. ఫోను చేస్తే మీకు వినపడదు. ఇంటికొస్తే తలుపు తీస్తారో లేదో తెలీదు. అందుకే ఉత్తరం.

ఫిషింగ్ హార్బరు దగ్గర్లో ఒక రొయ్యల షెడ్డుకి కొత్త నేల పని నాకొచ్చింది. పాత కాంక్రీటు గుంతలు పడి, నీళ్ళు నిలిచి, ఒకటే కంపు. ఓనరు ఉమాశంకర్ గారు దాని మీద ఎపాక్సీ పూత కావాలంటున్నారు. ఆరు వేల చదరపు అడుగులు. పగలంతా ఆడవాళ్ళు రొయ్యలు వొలుస్తారు, షిఫ్టు అయ్యాక రోజూ మరిగే నీళ్ళతో కడుగుతారు. పని ఇచ్చారు గానీ ఆయనొక మెలిక పెట్టారు. "నీ మాట మీద నేను ఏమీ వేయించను. అచ్యుతరామయ్య గారు కాగితం మీద ఏం రాసిస్తే అదే వేయిద్దాం" అన్నారు. ముప్పై ఏళ్ళలో మీరు వేసిన నేల ఒక్కటీ పెచ్చులుగా లేవలేదని ఈ ఊళ్ళో ఇంకా చెప్పుకుంటారు.

ఈ నేల నిలబడితే ఆయనవి ఇంకో రెండు షెడ్లు నాకే. లేచిందా, విశాఖపట్నంలో నన్ను నేల ఊడవడానికి కూడా ఎవరూ పిలవరు.

గంగాలమ్మ గుర్తుందా? మన సైట్లలో సిమెంటు మోసేది. ఇప్పుడు ఆ షెడ్డులోనే పని చేస్తోంది. "పెద్దాయన్ని అడిగినానని రాయి బాబూ" అంది.

ఏం వేయాలో, ఎలా వేయాలో రాయండి. కింద సంతకం, తేదీ మరవకండి.

మీ శిష్యుడు (అలా అనుకునే హక్కు ఇంకా ఉంటే),
సింహాద్రి

*

కూర్మన్నపాలెం,
ఫిబ్రవరి 8.

ప్రియమైన సింహాద్రికి,

కవరు చింపాను. మా ఇంట్లో ఉన్నది గ్యాసు పొయ్యి, ఉత్తరాలు కాల్చడానికి పనికిరాదు. చెవులు పోయినవాడి మాట ఊరికి ఇంకా అవసరం పడిందంటే సంతోషమే కదా.

శ్రద్ధగా చదువు. ముందు నేల పొడిగా ఉందో లేదో చూడు. నాలుగు చోట్ల పాలిథీన్ కాగితం పరిచి, అంచులు టేపుతో మూసి, ఒక రోజు వదిలెయ్. విప్పినప్పుడు లోపల చెమట పడితే ఆ కాంక్రీటులో ఇంకా తడి ఉన్నట్టే. వారం ఆగి మళ్ళీ చూడు. ఏళ్ళ తరబడి రొయ్యల జిడ్డు పట్టిన నేల కాబట్టి మందు పోసి కడిగి, ఆరాక గ్రైండింగు పట్టించు. అరచేత్తో రాస్తే ఇసక కాగితంలా గీరుకోవాలి. నున్నగా వదిలిన చోట పూత పట్టదు. దుమ్ము వాక్యూమ్ మిషనుతో లాగు. చీపురు పట్టావంటే ఆ చీపురుతోనే నిన్ను కొట్టాలి.

ప్రైమరు వేసి, దాని మీద ఎపాక్సీ రెండు పొరలు. మొదటి పొర పచ్చిగా ఉండగానే సన్న ఇసక చల్లు, తడి కాళ్ళు జారకుండా. రెజిన్‌లో హార్డనరు డబ్బా మీద రాసిన పాళ్ళలోనే కలుపు. కంటికొలత నీ జబ్బని నాకు తెలుసు. కలిపాక అరగంటలో పరిచెయ్యాలి, లేకపోతే బకెట్లోనే రాయైపోతుంది. సముద్రపు గాలి తడిగా ఉన్న పూట డబ్బా మూతే తీయకు. వేశాక ఏడు రోజులు దాని మీద చుక్క నీళ్ళు పడకూడదు.

గంగాలమ్మని నేనూ అడిగానని చెప్పు. ఆమె తన టిఫినులోంచి సగం తీసి పెట్టిన చద్దన్నం, పచ్చి ఉల్లిపాయ రుచి నేను ఏ పెళ్ళిభోజనంలోనూ చూడలేదు.

ఆశీస్సులతో,
అచ్యుతరామయ్య
(సంతకం, తేదీ పైన ఉన్నాయి. మీ ఓనరుకి చూపించుకో.)

*

పద్మనాభం,
ఫిబ్రవరి 19.

ప్రియమైన గురువుగారికి,

మీ ఉత్తరం ఉమాశంకర్ గారు రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు. పాలిథీన్ పరీక్ష చేశాను. గేటు వైపు ఒక్కచోట చెమట పట్టింది. ఆగి మళ్ళీ చూస్తే పొడిగానే ఉంది. గ్రైండింగు నిన్న అయింది. మిషను మోతకి నా చెవులు కూడా ఇంకా గింగురుమంటున్నాయి, మీరు గుర్తొచ్చారు.

సరుకు ఇంకా కొనలేదు. డబ్బాలు తెచ్చేలోపు ఒక్కమాట. ఆ షెడ్డు ఎలా వాడతారో నా మొదటి ఉత్తరంలో రాశాను. దయచేసి అది ఇంకోసారి చదవండి. ఎపాక్సీయే కదా వేయాల్సింది? మీరు చెప్పాల్సింది ఏదైనా మిగిలిపోయిందా? ఇప్పుడు చెబితే మార్చుకోవచ్చు. పరిచాక మార్చలేం.

మీ సమాధానం కోసం చూస్తూ,
సింహాద్రి

*

కూర్మన్నపాలెం,
ఫిబ్రవరి 23.

ప్రియమైన సింహాద్రికి,

నాకు చెవుల్లేవు, నీకు బుర్ర లేదు. ఇద్దరం సరిపోయాం. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఎపాక్సీయే. చెప్పాల్సింది ఏదీ మిగల్లేదు. పెళ్ళికూతురిలా నాన్చకుండా వెయ్యి.

ఆశీస్సులతో,
అచ్యుతరామయ్య

*

పద్మనాభం,
మే 6.

ప్రియమైన గురువుగారికి,

నేల లేచింది.

మొదటి నెల అద్దంలా ఉంది. రొయ్యలు కొనే కంపెనీవాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. ఉమాశంకర్ గారు నా భుజం తట్టారు. ఆ తరవాత, కడిగే కాలవ పక్కన రూపాయి బిళ్ళంత బుడగలు కనిపించాయి. పదిహేను రోజుల్లో అరచేతులంత పెచ్చులు లేచాయి. కింద కాంక్రీటు చూస్తే గ్రైండింగు గరుకు అలాగే ఉంది, తడి లేదు, దుమ్ము లేదు. ఇప్పుడు నన్ను గేటు దగ్గరే ఆపేస్తున్నారు. మిగతా రెండు షెడ్ల పని వేరేవాళ్ళకి ఇచ్చేశారు.

మీరు రాసింది అక్షరం తప్పకుండా చేశాను. కంటికొలత పెట్టలేదు. చీపురు పట్టలేదు. మరి తప్పెక్కడ జరిగింది? నన్ను తిట్టండి, ఫరవాలేదు. కారణం మాత్రం రాయండి.

సింహాద్రి

*

కూర్మన్నపాలెం,
మే 11.

ప్రియమైన సింహాద్రికి,

ఈసారి "ప్రియమైన" అని మనస్ఫూర్తిగా రాస్తున్నాను. ఏడేళ్ళలో ఇంత హాయిగా కలం పట్టింది లేదు.

తప్పు నీ పనిలో లేదు. పని బాగానే చేసి ఉంటావు, నేర్పింది నేనే కదా. మరిగే నీళ్ళతో రోజూ కడిగే నేలకి ఎపాక్సీ పనికిరాదు. వేడికి కాంక్రీటు ఒకలా సాగుతుంది, పూత ఇంకోలా సాగుతుంది. రెండూ కొన్నాళ్ళు పెనుగులాడి విడిపోతాయి. అక్కడ వేడికి కింది నేలతో పాటే సాగే పీయూ (పాలీయురెథేన్) కాంక్రీటు వేయాలి. నీ మొదటి ఉత్తరంలో వేడినీళ్ళ మాట చదవగానే నాకు తెలుసు. రాయలేదు. రెండోసారి అడిగావు, అప్పుడూ రాయలేదు.

ఎందుకో కూడా చెబుతాను. గాజువాక గోడౌను గుర్తుందా? నా చెవులు పూర్తిగా పోయిన మూడో వారం. నువ్వు నా ఎదురుగానే నిలబడి, నవ్వుతూ, ఆ ఓనరుతో అన్నావు: "ముసలోడికి సెవులు పోనాయి సార్. మిసను తిరుగుతన్నాదో ఆగినాదో కూడా తెలీదు. మిగిలిన గోడౌన్ల పని నాకిచ్చీండి, ఈడ్ని ఇంటికంపేద్దాం." మర్నాడు మనుషులు మిషనుతో సహా నీ వెంట వెళ్ళిపోయారు. నేను ఖాళీ గోడౌనులో సాయంత్రం దాకా కూర్చున్నాను.

చెవిటివాడికి ఏం తెలుస్తుందిలే అనుకున్నావు. ఒరే, ముప్పై ఏళ్ళు గ్రైండింగు మోతలో మనం మాట్లాడుకున్నది చెవులతోనా? పెదాలు చూసేగా! నీకు ఆ విద్య నేర్పింది కూడా నేనే. అదొక్కటి మరిచిపోయావు.

ఇప్పుడు నువ్వు ఇంటికి పో.

అచ్యుతరామయ్య

*

పద్మనాభం,
మే 17.

గురువుగారికి,

నేను మరిచిపోలేదు. మీరు పెదాలు చదువుతారని నాకు బాగా తెలుసు. అందుకే ఎదురుగా నిలబడి అన్నాను. మీ ముఖం చూసి 'ఇక మానుకోండి' అని చెప్పే ధైర్యం లేదు. మీకు తెలిసేలా వేరేవాళ్ళతో అనడానికి ఆ నీచత్వం చాలింది.

వేడినీళ్ళ సంగతి కూడా మరిచిపోలేదు. మీ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో ఒక కాలేజీ క్యాంటీను వంటింట్లో మీరు నాకు చూపించారు. ఒక మూల ఎపాక్సీ వేసి, వారం పాటు పూటపూటా మరిగే గంజి, వెంటనే చన్నీళ్ళు పోయించారు. ఎనిమిదో రోజుకి పూత అప్పడంలా లేచింది. ఉమాశంకర్ గారికి నేను ముందే పీయూ కాంక్రీటు వేయాలని చెప్పాను. అది ఖరీదు, మీరు కాగితం మీద రాస్తేనే కొంటానన్నారు. నాకు మీ దగ్గర్నుంచి కావలసింది ఆ ఒక్క వాక్యమే. అందుకే వేడినీళ్ళ మాట నేనే రాశాను, రెండోసారి కూడా అడిగాను. "ఏదీ మిగల్లేదు" అని మీరు రాసిన రోజే నాకు అర్థమైపోయింది. ముంచదలిచారు కదా, ఇద్దరం మునుగుదాం అనుకుని పరిచేశాను. బుడగలొస్తాయి, నా పనితో పాటు మీ పేరూ పోతుంది, అంతే అనుకున్నాను.

కారణం రాయమని అడిగింది కూడా తెలీక కాదు. మీ చేతిరాతలో కావాలని అడిగాను. మీ మూడు ఉత్తరాలూ ఉమాశంకర్ గారి బల్ల మీద ఉన్నాయి. మొన్నటిది ఆయన అందరికీ చదివి వినిపించారు. ముప్పై ఏళ్ళలో ఒక్క నేలా లేవలేదన్న పేరు ఈ వారంతో సరి.

మీరొక మాట దాచారు. పోయిన ఉత్తరంలో నేనూ ఒకటి దాచాను.

మే 3న సాయంత్రం షెడ్డు కడిగేటప్పుడు గంగాలమ్మ బూటు లేచిన పెచ్చు కింద ఇరుక్కుంది. చేతిలో మరిగే నీళ్ళ బకెట్టుతో పడిపోయింది. తుంటి విరిగింది. ఎడమ కాలు తొడ దగ్గర్నుంచి పాదం దాకా కాలింది. ఆ నేల మీద మనుషులు నడుస్తారన్న సంగతి మీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. మన ఇద్దరికీ సిగ్గు లేదు గురువుగారూ.

ఆ క్యాంటీనులో మీరు మరిగే గంజి పోయించింది ఎవరి చేతనో గుర్తుందా? ఆమె చేతనే. ఆమెకీ గుర్తుంది. నిన్న ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని అంది: "ఆ గంజి రోజులు నాకు గేపకమే బాబూ. ఏడినీళ్ళకి లెగిసిపోద్దని ఆయనే సెప్పినాడు. ఇప్పుడు మళ్ళీ ఆయనే ఏయమన్నాడంటే కొత్త మందేటో వొచ్చుంటాదనుకున్నాను. అంత పెద్దాయన తప్పు రాత్తాడేటి? నానే సూసుకోకండా నడిసినాను."

అసలు సంగతి నేను ఆమెకి చెప్పలేదు. చెప్పే దమ్ము లేదు. ఆమె మిమ్మల్ని ఒక్కసారి చూడాలంటోంది. పెద్దాసుపత్రి, ఎముకల వార్డు, కిటికీ పక్క మంచం. వచ్చి ఎదురుగా కూర్చోండి. మీకు వినపడదని ఆమె మెల్లగా, విడమరిచి అదే మాట మళ్ళీ చెబుతుంది. పెదాలు చూడండి.

సింహాద్రి