రిసెప్షన్ కుర్చీ కోసం మూడు రూపాలు

సోమవారం, ఉదయం
ఈ రోజు నుంచి పాస్ట్ టెన్స్, పాస్ట్ పార్టిసిపుల్ అంతు చూస్తాను! మా ఆస్పత్రి రిసెప్షన్‌లో కుర్చీ ఖాళీ అయింది. లాండ్రీలో పనిచేసే మాకూ అవకాశం ఇస్తారట. శనివారం ఇంటర్వ్యూలో మేనేజరు అడిగే ప్రశ్న కూడా తెలిసిపోయింది. నిన్న ఏం చేశారో ఇంగ్లీషులో చెప్పాలి. అంతే! రోజంతా నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేసి నా పాదాలు వాచిపోయాయి. ఆ కుర్చీ నాకు కావాలి.

సాయంత్రం
క్రియల మూడు రూపాలూ చీటీల మీద రాసి వంటింటి గోడకు అంటించాను. వంట చేస్తూ చదివేస్తాను. ఏం తెలివి నాది!

మంగళవారం
కూర మాడింది. "నువ్వెళ్లి చదువుకో అక్కా, వంట నేను చూసుకుంటాలే" అంది తోటికోడలు. తనూ మా లాండ్రీలోనే, ఉతికే వైపు. బంగారుతల్లి! గదిలో కూర్చుని చదివాను. కాసేపు కునుకు పట్టింది.

బుధవారం
కట్, పుట్, షట్. వీటికి మూడు రూపాలూ ఒకటే! ముందు ఇలాంటివే చదవాలి. ఈ రోజుకు చాలు. పుస్తకానికి అట్ట వేశాను.

గురువారం
తలనొప్పి. వంటింట్లో తోటికోడలు ఏదో గొణుగుతోంది. పాపం, ఒంటరిగా విసుగేమో. తలుపు వేసుకున్నాను.

శుక్రవారం
"ఎంతవరకొచ్చింది?" అన్నారు మా ఆయన. అంతా వచ్చేసిందన్నాను. "ఏదీ, ఒకటి చెప్పవే" అంది అత్తయ్య. మంచినీళ్లకని లేచి వెళ్లిపోయాను.

శనివారం
లాండ్రీ వాళ్లందరినీ ఒక్కొక్కరిగా పిలిచారు. నిన్న ఏం చేశారని అడిగింది మేనేజరు. నిన్న నేనేం చేశానని? పడుకున్నాను. కట్, పుట్, షట్ అనేసి బయటికొచ్చేశాను.

నా తర్వాత తోటికోడలు. కూరలు తరిగింది, వండింది, గిన్నెలు తోమింది, అక్కకు గదిలోకి టీ తెచ్చిచ్చింది. అన్నీ గడగడా ఇంగ్లీషులో చెప్పిందట! ఎక్కడ నేర్చుకున్నావంటే, "మా అక్క వంటింట్లో చీటీలు అంటించిందండీ" అందట.

కుర్చీ తనకే వచ్చింది. బస్సులో నా చెయ్యి పట్టుకుని "నీ వల్లే అక్కా" అంది. ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది.

ఆదివారం
కొత్త నిర్ణయం! ఇక వంట నాదే. వంటింట్లోకి వెళితే గోడ బోసిగా ఉంది.

"నూనె మరకలు పడ్డాయని తీసేశానక్కా. నాకెలాగూ వచ్చేశాయిగా" అంది, రేపు వేసుకునే బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ. మడత సరిగ్గా రావడం లేదు. చూడలేక పెట్టె లాక్కుని నేనే చేసిచ్చాను.

కొత్త చీటీలు రాయాలి. రేపటి నుంచి ఖాయం. రేపు తన మొదటి రోజు, ఇంట్లో హడావుడిగా ఉంటుంది. ఎల్లుండి నుంచి.