సర్పంచమ్మ ఇల్లు ఎక్కడో ట్యాంకర్ అక్కడ

విజయనగరం

చిరంజీవి దుర్గాభవానికి, మీ మావయ్య నారాయణమూర్తి దీవెనలు.

నీకు ఎప్పుడు ఫోన్ చేసినా మీ అత్తగారు జగ్గమ్మగారే ఎత్తుతున్నారు. నిన్న నా మోకాలి నొప్పికి మందు చెప్పి, ఇంకేమైనా ఫిర్యాదు ఉందా అని అడిగి పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం.

సర్పంచ్‌వైన నెలకే నీ ఫొటో పేపర్లో పడింది. మంచినీళ్ల ట్యాంకర్, బారెడు వరుస, అందరికంటే ముందు నువ్వూ నీ బిందే! కాలేజీలో నాయకత్వం మీద ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, తల ఎక్కడ పెట్టుకోను? జనం కోసం పనిచేసేవాళ్లు వరుసలో చివర నిలబడాలమ్మా.

ఇట్లు,
సిగ్గుతో, మావయ్య

తా.క.: ఆ ఫొటో మా ఆవిడ ఫ్రిజ్ మీద అంటించింది. నేను పీకేశాను. మళ్లీ అంటించింది.

* * *

నౌపడ దగ్గర, మన ఊరు

మావయ్యకు నమస్కారాలు.

నేను చివరే నిలబడ్డాను మావయ్యా. ఉప్పుమళ్ల వీధి దాలమ్మ వెనకాల. ఆవిడ తిరిగి చూసి, "సర్పంచమ్మకి ముందు మేం నిలబడతామేటి, తప్పు కాదా?" అని నా వెనక్కి వచ్చేసింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్లూ వచ్చేశారు. పెద్దవీధివాళ్లకి చోటిచ్చుకుంటూ దాలమ్మ మళ్లీ తోకకే చేరింది. డ్రైవరు బండిని వెనక్కి తిప్పి నా బిందె దగ్గర ఆపాడు. ఫొటో తీసింది అప్పుడే.

మా ఊళ్లో ట్యాంకర్ సర్పంచ్ ఇంటి ముందే ఆగాలి. ఎప్పటినుంచో అదే ఆచారం. మా ఇల్లున్న పెద్దవీధిలో బిందెలు నిండేసరికి బండి ఖాళీ. ఉప్పుమళ్ల వీధిలో బావి నీళ్లు నోట పెట్టలేం. ఎన్నికలప్పుడు దాలమ్మ చేతిలో చెయ్యేసి, మీ వీధికి నీళ్లిస్తానని మాటిచ్చాను. ఇప్పుడేం చెయ్యను?

నీ మేనకోడలు,
భవాని

తా.క.: జనానికి అందుబాటులో ఉండమన్నావని నా నంబరు పంచాయతీ గోడ మీద రాయించాను. ఆ రోజునుంచి ఫోను అత్తగారిదే. ఇప్పటికి ఒక గట్టు తగువు తీర్చింది, ఒక పెళ్లి కుదిర్చింది.

* * *

విజయనగరం

చిరంజీవి భవానికి దీవెనలు.

కథలు బాగానే చెబుతున్నావు. నువ్వు అక్కడుంటే కదా గొడవ? అసలు బయటికే రాకు. తాను లేకపోయినా పని జరిగేటట్టు చూసేవాడే మంచి నాయకుడు. ఇది నాయకత్వం మీద నేను రాసిన పుస్తకంలో మూడో అధ్యాయం.

ఇట్లు,
మావయ్య

తా.క.: మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ గొడవ జగ్గమ్మగారికి చెబుదామని మా ఆవిడ అంటోంది. నేను ఒప్పుకోలేదు. ఆవిడ ఏ వేళప్పుడు ఖాళీగా ఉంటారు?

* * *

మన ఊరు

మావయ్యకు,

నీ మూడో అధ్యాయం ప్రకారం ఇంట్లోనే కూర్చున్నాను. సర్పంచమ్మ బిందె ముందు రాకుండా పైపు విప్పనని డ్రైవరు భీష్మించాడు. నాకు ఒంట్లో బాగాలేదనుకుని ఊరంతా ఖాళీ బిందెలతో పరామర్శకి వచ్చింది. నా మీద ఓడిపోయిన సోములుగారు కొబ్బరిబోండం తెచ్చి, రాజీనామా ఎప్పుడని ఆప్యాయంగా అడిగారు. ఈలోగా టైమైపోయిందని ట్యాంకర్ నిండుగా వెనక్కి వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక దాలమ్మ వచ్చింది. "నీళ్లు అడగడానికి రాలేదమ్మా. నీకేటైనాదోనని సూడ్డానికి వచ్చినాను" అంది. నాకు సిగ్గేసింది మావయ్యా. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

ఇంక నీ సలహాలు చాలు. నాకొకటి తోచింది. చేశాక రాస్తాను.

భవాని

తా.క.: అత్తగారు సాయంత్రాలు ఖాళీ.

* * *

విజయనగరం

అమ్మా భవానీ,

నువ్వు గిన్నెలూ పరుపులూ ఆటోలో వేసుకుని ఇల్లు విడిచి వెళ్లిపోయావని మీ ఊరివాడెవరో బస్టాండులో చెప్పాడు. కాళ్లు చేతులు ఆడటం లేదు. రమేష్‌బాబు ఏమన్నాడు? మొగుడూ పెళ్లాలన్నాక మాటామాటా వస్తుంది. పదవి పోతే పోనీ, సంసారం పాడుచేసుకోకు. ఆ పుస్తకం చింపేస్తాను.

మీ మావయ్య

తా.క.: ఫోన్ చేస్తే జగ్గమ్మగారు "బీరువా దింపతన్నాం, తరవాత సెయ్యండి" అని పెట్టేశారు. ఆవిడ కూడా వెళ్లిపోయారా?

* * *

ఉప్పుమళ్ల వీధి, చివరి ఇల్లు

మావయ్యకు,

కంగారు పడకు. నా సంసారం ఆటోలో నాతోనే వచ్చింది. ఆయన ఫ్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇక్కడ ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకున్నాం, అంతే.

మర్నాడు ట్యాంకర్ పెద్దవీధిలో ఆగలేదు. ఆచారం ఆచారమే కదా, సరాసరి మా గుమ్మం ముందుకొచ్చింది. నా బిందె నింపుకుని పక్కకి తప్పుకున్నాను. పక్కిల్లే దాలమ్మది. పైపు కింద బిందె పెట్టి, నీళ్లు చూడకుండా మాటిమాటికీ వెనక్కి చూస్తోంది.

"నా ముందుకి ఎవులూ రారేటమ్మా?" అని అడిగింది.

రారు, పట్టుకో అన్నాను. నాకు ఏడుపొచ్చింది మావయ్యా, బిందె తుడుస్తున్నట్టు నటించాను.

రెండు రోజులు పెద్దవీధికి నీళ్లందలేదు. మూడో రోజు పెద్దలందరూ ఇస్త్రీ బట్టలేసుకుని మండలాఫీసుకి వెళ్లారు. దాలమ్మ వీధివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్న రెండో ట్యాంకర్ ఆ వారంలోనే మంజూరైంది. ఇప్పుడు రెండు వీధులకీ నీళ్లున్నాయి.

నీ మేనకోడలు,
భవాని

తా.క.: వచ్చే ఎన్నికల్లో ఈ వీధి ఓట్లతో ఎలాగైనా సర్పంచ్ కావాలని సోములుగారు అప్పుడే మా వీధిలో ఇంటిస్థలం వెతుకుతున్నారు. దగ్గరుండి చూపిస్తున్నాను. ఆయన గెలిచినా ట్యాంకర్ ఇక్కడికే కదా వస్తుంది!