పైపు బాగుచెయ్యొద్దని మనవి

నీటి సరఫరా ఆఫీసు గుమాస్తాగారికి,

కళ్ళజోళ్ళ షాపువాడి నమస్కారాలు. మా షాపు వెనక సందులో, నర్సరీకి నీళ్ళు వెళ్ళే పాత పైపు చాలాకాలంగా కారుతోంది. తాగే నీళ్ళు కావు, మొక్కలకు వదిలే నీళ్ళు. నర్సరీ మూతపడింది గానీ పైపు కారడం మానలేదు. అక్కడ చిన్న మడుగు కట్టి, గడ్డి మొలిచి, తూనీగలు కాపురం పెట్టాయి. మామూలు తూనీగలే కాదండీ, వాలగానే రెక్కలు వీపు మీద ముడుచుకునే సన్న తూనీగలు కూడా! వాటి పిల్లలు ఇప్పుడు నీళ్ళలో ఉన్నాయి. ఇంకొన్నాళ్ళలో గడ్డిపోచలెక్కి, పాత చర్మం వదిలేసి ఎగిరిపోతాయి. ఈలోగా మీవాళ్ళొచ్చి పైపు బిగిస్తే మడుగు ఎండుతుంది, పిల్లలన్నీ చస్తాయి. దయచేసి ఆ పైపు జోలికి రాకండి.

ఇట్లు,
కళ్ళజోళ్ళ షాపువాడు

తా.క.: ఈ ఊళ్ళో తూనీగల పిచ్చి నాకొక్కడికే ఉంది. అది ఊరి అదృష్టం అంటుంది మా ఆవిడ.

*

అయ్యా,

తమ షాపు వెనక సందులో పైపు కారుచున్నదని తాము చేసిన ఫిర్యాదు అందినది. తగు చర్య గైకొనబడును.

ఇట్లు,
గుమాస్తా, నీటి సరఫరా కార్యాలయం

తా.క.: ఈ ముక్క టైపు చెయ్యకుండా చేత్తో రాస్తున్నాను. ఈ విషయమై ఇక ఉత్తరాలు రాయకండి. అందరికీ అదే మంచిది.

*

గుమాస్తాగారికి,

ఫిర్యాదా! పైపు కారుతోందని కాదు మహానుభావా, కారనివ్వమని కదా మొత్తుకున్నాను! మీకు చత్వారం వచ్చినట్టుంది, ఓసారి షాపుకు రండి, ఉచితంగా చూస్తాను. పైగా ఉత్తరాలు రాయొద్దని బెదిరింపు ఒకటి. రాస్తే ఏం చేస్తారు, మా ఇంటి కుళాయి కట్టేస్తారా? రాస్తాను. పైపు ముట్టుకోవద్దని మళ్ళీ మళ్ళీ రాస్తాను.

ఇట్లు,
కళ్ళు బాగానే కనిపిస్తున్న షాపువాడు

తా.క.: నన్ను ఉత్తరాలు రాయొద్దన్న మొదటి మనిషి మీరేనని మా ఆవిడ మిమ్మల్ని తెగ మెచ్చుకుంటోంది.

*

అయ్యా,

పై విషయమై తమ రెండవ ఫిర్యాదు అందినది. ఒకే పైపుపై రెండు ఉత్తరములు వచ్చినచో అత్యవసరముగా పరిగణించుట మా కార్యాలయపు నియమము. పని ముందుకు జరుపబడినది.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: బాబ్బాబు, మీకు దణ్ణం పెడతాను, ఆ కలం మూత పెట్టి జేబులో పడేసుకోండి. కారణం ఆఫీసు కాగితం మీద రాయలేను.

*

గుమాస్తాగారికి,

కారణం రాయలేరా? నాకు అర్థమైంది లెండి. సందు ఎండితే కార్లు నిలుపుకుందామని పక్క షెడ్డు మెకానిక్ ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నాడు. మీరిద్దరూ కూడబలుక్కున్నారన్నమాట. ఇక మీతో పని లేదు. పైపును ఎవరూ తాకకుండా చూడమని మీ పెద్ద ఇంజనీరుగారికే రాసి పోస్టులో వేసేశాను.

ఇట్లు,
మీ ఎత్తు పసిగట్టిన షాపువాడు

తా.క.: ఆదివారం షాపు మూసి ఉంటుందని తెలిసే కాబోలు, మెకానిక్ మనిషొకడు గొడుగు అడ్డం పెట్టుకుని మడుగు పక్కన నక్కాడు. చెప్పు తీసి విసిరాను. గురి తప్పింది.

*

అన్నగారికి,

నమస్కారం. ఇది ఇంటి నుంచి, నా సొంత కాగితం మీద రాస్తున్నాను. ముందుగా, గురి తప్పలేదండీ. ఎడమ భుజం ఇంకా నొప్పిగానే ఉంది.

ఆ గొడుగు మనిషిని నేనే. ఆ మెకానిక్ ఎవరో కూడా నాకు తెలియదు. నేనూ, మా స్టోరు కీపరూ, జీపు డ్రైవరూ ఎన్నో ఏళ్ళుగా ఆదివారం పొద్దున్నే వచ్చి ఆ తూనీగలను చూసి వెళ్తున్నాం. ఆ పైపుకు బిగించాల్సిన వాల్వు నా టేబులు సొరుగులో అడుగున ఉంది. స్టోరులో సరుకు లేదని రాసుకుంటూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాం. ఇంతలో మీరు దిగారు. మీ మొదటి ఉత్తరం చదివి కళ్ళు చెమర్చాయండీ. మనలాంటివాడు ఇంకొకడున్నాడని సంతోషపడ్డాను, ఆ వెంటనే ఆయన నోరెలా మూయించాలా అని తల పట్టుకున్నాను. ఆఫీసు కాగితానికల్లా ఒక నకలు పెద్దాయన దగ్గరికి వెళ్తుంది, అందుకే కారణం రాయలేకపోయాను.

మీ ఉత్తరాన్ని మూడో ఫిర్యాదుగా లెక్కేసి పెద్ద ఇంజనీరుగారు సోమవారమే మనుషుల్ని పంపమన్నారు. ఇక ఒక్కటే దారి ఉంది. పైపు బాగుచేశారని మీరే కృతజ్ఞతలు చెబుతూ రాస్తే ఫైలు మూసేస్తారు. మా ఆఫీసుకు ఇంతవరకూ ఎవరూ కృతజ్ఞతలు రాయలేదు. ఆయన అనుమానించరు, ఫ్రేము కట్టించుకుంటారు.

ఇట్లు,
మీ తమ్ముడి వంటివాడు

తా.క.: ఊళ్ళో ఒక్కరే కాదు, నలుగురం. ఈ సంగతి మీ ఆవిడకు నెమ్మదిగా చెప్పండి.

*

నీటి సరఫరా కార్యాలయం పెద్ద ఇంజనీరుగారికి,

అయ్యా, మా సందులోని పైపును తమ సిబ్బంది బ్రహ్మాండంగా బాగుచేశారు. ఒక్క చుక్క కారితే ఒట్టు. మడుగు ఆనవాలు కూడా లేదు, నేల ఎండి నెర్రెలు విచ్చింది. ఇంత చురుకైన గుమాస్తా ఉన్న ఆఫీసును నేనెక్కడా చూడలేదు. వారికి నా కృతజ్ఞతలు.

ఇట్లు,
కళ్ళజోళ్ళ షాపువాడు

తా.క.: (ఇది విడిగా చీటీ మీద. చదివి చించెయ్యి తమ్ముడూ.) ఈ పొద్దున మొదటిది గడ్డిపోచెక్కింది. రెక్కలు ఆరేదాకా నేను ఊపిరి బిగబట్టి కూర్చుంటే, మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. అది ఎగిరాక, ఇంకోటి ఎప్పుడొస్తుందని అడిగింది. ఆదివారం ముగ్గురూ తప్పకుండా రండి. ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడుచుకుని మరీ రండి, పైపు ఇంకాస్త పగిలింది.