బందీ ఇంకా స్తంభానికే ఉన్నాడు

రమణన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. ఈ ఆదివారం గుంతకల్లు క్వార్టర్స్‌లో ఖాజా, ఓబులేసు, నేను మళ్ళీ మన పాచికల ఆటకు కూర్చున్నాం, తలా ఒక వేషంలో మాటలతోనే కథ ఆడే ఆటకు. ఎప్పటిలా కథ నడిపేది ఖాజానే. నీ వేషం ముసలి వేటగాడు కదా, వాడి వివరాలు రాసుకున్న కాగితం నీ కుర్చీ ముందు పెట్టాం.

కథ నువ్వు వదిలిన చోటే ఆగి ఉంది. కోట దొంగల్లో ఒకణ్ణి పట్టి స్తంభానికి కట్టేశావు. ఓబులేసు చంపేద్దామంటే కసిరావు.

"ముందు వానికి నీళ్ళియ్యప్పా. మాటలు ఆనక."

మన ఆటలో ఎవరి తోలుతిత్తిలో నీళ్ళు వాళ్ళు గుక్కల లెక్కన రాసుకుంటాం. ఈ కరువు సీమలో ఇంకెలా ఆడతాం? బందీని పట్టినవాడే తీర్పు చెప్పాలన్న నియమం కూడా నువ్వు పెట్టిందే. "మళ్ళా ఆదివారం చెప్తాలే" అని లేచావు. ఆ ఆదివారం నీ పాడె మోశాం.

"బందీని ఏం చేస్తారు?" అన్నాడు ఖాజా. ఓబులేసే తన కాగితంలో ఒక గుక్క కొట్టేశాడు.

"నీళ్ళిస్తాండా. నా తిత్తిలోవి."

ఖాజా బందీ గొంతుతో అడిగాడు: "నన్ను కట్టేసినాయన యాడికి పోయినాడు?"

ఆటలో అది అడగాల్సిన మాటే. ఓబులేసు నీ కాగితం వైపు చూడకుండా జవాబిచ్చాడు.

"తీర్పు చెప్పే పోయినాడు. నిన్ను ఇడ్సిపెట్టమన్నాడు."

నువ్వు నిజంగా ఏం చెప్పేవాడివో మాకెవరికీ తెలియదన్నా. తాడు మాత్రం విప్పేశాం.