గొంగడి చల్లారిన గంట

ఏప్రిల్ 14

ఏసుమణి లేచి ఇంటికొచ్చేదాకా ప్రార్థన తెగనియ్యను బావా, అని దాసన్న నా రెండు చేతులూ పట్టుకుని మాటిచ్చాడు. ఏసుమణి నా భార్య, అప్పుడు కడప ఆసుపత్రిలో ఉంది. ప్రార్థన తెగింది. ఏసుమణి రాలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ నేను దాసన్నతో మాట్లాడలేదు. చర్చి గడప తొక్కలేదు. వాడు నా సొంత చెల్లెలి మొగుడు. రెండు వీధుల అవతలే ఇల్లు.

ఇప్పుడు వాడినీ కడపకే తీసుకుపోయారట. గుండె. ఐసీయూ.

నాకేమీ అనిపించలేదు. అనిపించలేదని రాసుకోవాల్సి వచ్చింది.

ఏప్రిల్ 15

చర్చిలో గొలుసు ప్రార్థన మొదలుపెట్టారు. మా పెద్దలనాటి పద్ధతి. ఎవరైనా చావుబతుకుల్లో ఉంటే ఇంటికొక గంట పంచుకుంటారు. పీఠం ముందు నల్ల గొంగడి పరుస్తారు. దాని మీద ఎప్పుడూ ఒక మనిషి మోకాళ్ళూని ఉండాలి. తర్వాతి మనిషి వచ్చి తలుపు తట్టేదాకా లేవకూడదు. గొంగడి చల్లారకూడదు అంటారు మావాళ్ళు. ఎండాకాలమైనా సరే, మనిషి ఇప్పుడే లేచిన చోటు మోకాళ్ళకు తెలుస్తుంది.

ఏసుమణి పోయిన రోజు ఒక గంట దాసన్నది, ఆ తర్వాతి గంట మా చెల్లెలు రాహేలమ్మది. అది వెళ్ళేసరికి చర్చి ఖాళీ. గొంగడి చల్లగా ఉండాదన్నా, అని సమాధి దగ్గర నా భుజం మీద పడి ఏడ్చింది. మొగుడి తప్పు నోరు జారి బయటపెట్టానని ఇప్పటికీ కుములుతూనే ఉంటుంది.

వాడెందుకు లేచిపోయాడో నేను అడగలేదు. అడిగితే జవాబు చెబుతాడు. చెప్పాక క్షమించాల్సి వస్తుంది.

ఏప్రిల్ 16

పాస్టరు అరుణ్ కుమార్ వచ్చాడు. కుర్రవాడు. మైకు లేకపోతే దేవుడికి వినపడదేమోనని అతనికి అనుమానం. మిట్టమధ్యాహ్నం గంటకు మనిషి దొరకలేదట. సగం మంది మంగంపేట ముగ్గురాయి గనులకు, మిగతావాళ్ళు అరటి తోటలకు పోతారు. ఆ గంట మీరు పట్టుకుంటారా సార్ అన్నాడు. క్రైస్తవుడికి ఎడతెగని ప్రార్థన ఊపిరి లాంటిదట. ఊపిరి సంగతి ఐసీయూ వాళ్ళనడుగు అన్నాను. నేను హైస్కూల్లో చరిత్ర చెప్పినవాణ్ణి. నిత్యం ప్రార్థనలు చేయించిన రాజ్యాలు ఎట్లా కూలాయో అధ్యాయాలవారీగా వినిపించాను. పాపం, అన్నిటికీ ఆమెన్ అన్నాడు. కాఫీ ఇవ్వలేదు.

సాయంత్రం

రాహేలమ్మ ఆసుపత్రి వరండాలోంచి ఫోన్ చేసింది. ఆయన్ను క్షమించమని అడగనులే అన్నా, ఆ గంట ఒగటి పట్టుకో, చాలు అంది. నీ మొగుడి కోసం నా మోకాళ్ళు వంగవన్నాను. నువ్వు వంగినా వంగకపోయినా ఒగటే, పొద్దున కండ్లు తెరిచినకాడి నుంచి దేవున్ని తిడతానే ఉంటావు, నీ అంత విడవకుండా ఆయప్పను తలుచుకునేటోడు ఈ ఊర్లో యాడుండాడు, అంది. నవ్వింది కూడా. మొగుడు లోపల ట్యూబులతో ఉంటే బయట నవ్వడం దానికే చెల్లు.

ఏప్రిల్ 17

పోతాను. ప్రార్థనకు కాదు. గొంగడి మీద కాసేపు కూర్చుని, ఎవరూ రాకముందే లేచి వచ్చేస్తాను. చల్లారిన గొంగడి కబురు ఈసారి దాసన్నకు అందాలి.

ఏప్రిల్ 18

ఇల్లు చేరేసరికి రాత్రయింది. అయినా రాస్తాను.

నేను తలుపు తట్టగానే, నా ముందు గంట పట్టిన గిడ్డమ్మ లేచింది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అట్లాగే బయటికి వెళ్ళిపోయింది. గొంగడి వెచ్చగా ఉంది. కూర్చున్నాను. ఆనుకోవడానికి ఏమీ లేక నడుము నొచ్చింది. మోకాళ్ళ మీదికి మారాను. నడుము కోసమే.

లేవాలి. ఇదే సమయం. ఎండ రేకుల మీద పడి లోపలికి దిగుతోంది. కరెంటు పోయింది. లేవలేకపోయాను. లేస్తే తర్వాత వచ్చేవాళ్ళకు గొంగడి చల్లగా తగులుతుంది. అప్పుడు నేనూ దాసన్ననే అవుతాను. ఇన్నేళ్ళు అసహ్యించుకున్న మనిషి పని నా చేతులతో ఎట్లా చేసేది?

నా తర్వాత జెస్సీ రావాలి. రాలేదు. ఎవరూ రాలేదు. నాలుక అంగిట్లో అతుక్కుంది. బోరింగు చర్చి వెనకే ఉంది, ఎవరో కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు వినపడకుండా దాసన్న మీద దేవుడికి ఫిర్యాదు మొదలుపెట్టాను. పైకే. చెల్లెలి పెళ్ళిలో నా కొత్త చెప్పులు వేసుకుపోయింది మొదలు ఏసుమణి చావు దాకా. ఒక్కటీ వదల్లేదు. చెప్పిందే మళ్ళీ చెప్పాను. చివరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు అడిగాను. వాణ్ణి చంపకు. ఎందుకు లేచిపోయాడో నాకు చెప్పేదాకా చంపకు.

అడిగింది అంతే. దాన్ని ప్రార్థన అనుకుంటే ఆయన ఇష్టం.

నా గొంతు ఆగాక, దీపాలు పెట్టే వేళకు తలుపు తట్టారు. వాకిట్లో సగం ఊరు. జెస్సీ కాస్త ఆలస్యంగా వచ్చిందట. గుమ్మంలో నా చెప్పులు చూసిందట, మాటలు అందకపోయినా లోపల నా గొంతు విందట. ఇన్నేళ్ళకు సారు ప్రార్థన చేస్తాంటే మధ్యలో ఎవురు తడతారు, అని వెనక్కి పోయి తర్వాతి ఇంటికి చెప్పింది. వాళ్ళు ఆ తర్వాతి ఇంటికి. అందరూ వచ్చి, చెప్పులు చూసి, పుణ్యం కట్టుకుని పోయారు. తట్టేకి చెయ్యి రాలేదు సారూ, మీరు ఏడుస్తాంటిరి, అంది గిడ్డమ్మ. ఏడవలేదు, దప్పికకు గొంతు అట్లా వచ్చింది అన్నాను. చెంబెడు నీళ్ళు తెచ్చి ఇచ్చారు. రెండో చెంబు కూడా తాగాను.

ఏప్రిల్ 19

మోకాళ్ళు వాచాయి. రాహేలమ్మ ఫోన్ రాలేదు.

ఏప్రిల్ 22

దాసన్నను వార్డుకు మార్చారట. జావ తాగాడట. ఇది రాసుకుంది సంతోషంతో కాదు. అడగాల్సింది ఉంది కదా, అందుకు.

మే 3

దాసన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. వెళ్ళాను. మంచంలో ఒక పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. నేను నిలబడే అడిగాను, ఆ రోజు ఎందుకు లేచావని.

వాడు రాహేలమ్మ వైపు చూశాడు. అది తల తిప్పుకుంది. దప్పికైంది బావా, అన్నాడు. రెండు దోసిళ్ళు తాగొద్దామని బోరింగు కాడికి పోయినా. ఆడ గని లారీ నిలబడిండాది. ఏసుమణక్కకు ఎట్లుండాది అని డ్రైవరు అడిగినాడు. చెప్తా నిలబడినా. అంతే బావా.

వాడు చెబుతాడనుకున్నవి తాగుడు, ఆడది, అవిశ్వాసం. అన్నిటికీ నా దగ్గర ఎప్పటినుంచో జవాబులున్నాయి. నీళ్ళకు లేదు.

మజ్జిగ తాగిపో అన్నా, అంది రాహేలమ్మ. తాగాను. కూర్చునే తాగాను.

మే 17

గొలుసు ముగిసింది. అయినా మధ్యాహ్నం గంటకు నేను పోతూనే ఉన్నాను. గొంగడి పక్కన నీళ్ళకుండ పెట్టించాను. చెప్పులు లోపలే విడుస్తున్నాను.

ఈరోజు తలుపు తట్టింది వాడే. కర్రతో వచ్చాడు. లేచి చోటిచ్చాను, కుండ వాడి వైపు జరిపాను.

తప్పు మాత్రం ఇప్పటికీ దాసన్నదే.